వెస్టిండీసు క్రికెట్టును లీగుల ధనమును

2025 జూలై 14వ తేదీని జమైకా ద్వీపమునందలి కింగ్‌స్టను పట్టణములో ఆస్ట్రేలియాతో జరిగిన టెస్టుమ్యాచిలో వెస్టిండీసు జట్టు రెండవ ఇన్నింగ్సున 27 పరుగులకు కూలిపోయెను. ఏడుగురు బ్యాట్సుమనులు ఒక్క పరుగైనను చేయకయే మరలివచ్చిరి. 1955లో ఆక్లండునగరమున ఇంగ్లండుపై న్యూజీలండువారు చేసిన 26 పరుగులు తక్క టెస్టుల చరిత్రలో ఇంతకంటె తక్కువ మొత్తము లేదు. 1980 మొదలు 1995 వరకు పదునైదేండ్లపాటు ఏ దేశముచేతను ఒక్క టెస్టుసిరీసునందైనను ఓడింపబడని జట్టు ఇదియేయన్న నేటి బాలురు నమ్ముట కష్టము. బోర్డువారు క్లైవు లాయిడు, వివియను రిచర్డ్సు, బ్రయను లారా అను పూర్వనాయకులను అత్యవసరముగ ఆలోచనకు పిలిచిరి.

ఈ పతనమునకు కారణమేమని యడిగినంతనే పలువురి వ్రేళ్లు ఇరువది ఓవరుల లీగులవైపు తిరుగుచున్నవి. ఆధారము లేకపోలేదు. కింగ్‌స్టను మ్యాచికి నెలదినములు ముందు నికొలసు పూరను తన 29వ యేటనే దేశముపక్షమున ఆడుట విరమించితినని ప్రకటించెను. లీగులవారు పోటీపడి కొనెడి ఆటగాడాతడు. టెస్టుమ్యాచి ఒక్కటియు ఆడి యెరుగడు. ఆతనికంటె పెద్దవారిలో ఆండ్రె రస్సెలు తన జీవితమున ఆడిన టెస్టు ఒక్కటి, సునీలు నరైను ఆడినవి ఆరు. వీరందరు ధనమునకు లోబడి మాతృభూమిని విడిచిరని నిందించుట మిక్కిలి సులభము.

ఆ నింద మాకు రుచింపలేదు. మొట్టమొదట తేదీలే దానికి సాక్ష్యమీయవు. వెస్టిండీసువారి ఆధిక్యము పోయినది 1995లో. ఇండియను ప్రీమియరు లీగు పుట్టినది 2008లో. ఈ నడుమ 1998 నవంబరులో, దక్షిణాఫ్రికా పర్యటనకు బయలుదేరవలసిన ఆటగాండ్రు వేతనముల తగవుపై లండనునందలి హీత్రో విమానాశ్రయమున నిలిచిపోయిరి. బోర్డువారు లారాను, ఉపనాయకుడైన హూపరును పదవులనుండి తొలగించి, మరల చేర్చుకొనిరి. తుదకు పర్యటన సాగెను, ఐదు టెస్టులకు ఐదును ఓడిరి. అప్పటికి ఇరువది ఓవరుల ఆటయే పుట్టలేదు. కావున రోగము లీగులకంటె పాతది. ఆ రోగమెట్టిదో తెలియగోరువారు ఇంకను వెనుకకు, 1929వ సంవత్సరమునకు పోవలెను.

ఇంగ్లండునందు ఆనాడు క్రికెట్టు ఆటగాండ్రు రెండు వర్ణములుగ నుండిరి. జీతము పుచ్చుకొననివారు జెంటిల్మెనులు. పుచ్చుకొనువారు ఉత్త ప్లేయర్లు. ఒకే జట్టులో ఆడుచున్నను వీరికి దుస్తులు మార్చుకొను గదులు వేరు, మైదానమున ప్రవేశించు ద్వారములు వేరు. 1962 తుదివరకు ఈ ఆచారము చెల్లినది. అంటును మడిని మన సొత్తేయని భ్రమించువారు ఈ ముచ్చటను వినదగును. సామ్రాజ్యమందలి తక్కిన దేశములకును ఈ మర్యాదయే దిగుమతియైనది. దేశముకొరకు ఆడుట గౌరవము, గౌరవమునకు కూలి అడుగరాదు. కలిగినవానికి ఈ సూత్రముతో చిక్కు లేదు. లేనివాని మాటయేమి?

లియరీ కాన్‌స్టాంటైను ట్రినిడాడు ద్వీపమున 1901లో పుట్టెను. ఆయన పూర్వులు బానిసలు. తండ్రియు క్రికెట్టు ఆటగాడే; కోకో తోటలో పనిపాటలు చూచువాడు. కుమారుడు న్యాయవాదుల కచేరీలో గుమాస్తాగిరి చేసెను. నల్లవాడగుటచే ఆ వృత్తిలో పైకి పోవు దారి లేదని గ్రహించెను. 1928 జూనులో లార్డ్సు మైదానమున మిడిలుసెక్సు జట్టుపై మొదటి ఇన్నింగ్సున 86 పరుగులు, రెండవదాన 103 పరుగులు చేసి, నడుమ 57 పరుగులిచ్చి ఏడు వికెట్లు పడగొట్టి, ఒక్క మ్యాచితో ఇంగ్లండు దేశమంతట పేరు పొందెను. మరుసటి యేడు లాంకషైరు మండలమందలి నెల్సను అను నేతమిల్లుల పట్టణపు జట్టువారు ఆయనను జీతమునకు కుదుర్చుకొనిరి.

1892లో నెలకొన్న ఆ లాంకషైరు లీగు ఎట్టిదో పాఠకులు గమనింపవలెను. మిల్లు కార్మికులకు శనివారము మధ్యాహ్నమునుండి సెలవు. ఆ పూటనే ఆట మొదలై ఆ పూటనే ముగియవలెను. ప్రతిజట్టును ఒక్క వృత్తిక్రీడాకారుని గొప్ప జీతమిచ్చి తెచ్చుకొనును. ఆతడు ఏబది పరుగులు చేసిన దినమున జనులలో పెట్టె త్రిప్పి చిల్లర పోగుచేసి యిత్తురు. ఒక పూట ఆట, ప్రేక్షకుల కోలాహలము, ధనమిచ్చి తెచ్చిన విదేశవీరుడు: నేటి లీగుల లక్షణములలో దీపములును టెలివిజనును దక్క తక్కినవన్నియు అచ్చట కలవు. కాన్‌స్టాంటైను నెల్సను పట్టణమున తొమ్మిది వేసవులు ఆడెను. అందు ఏడుసారులు ఆ జట్టే విజేత.

1933లో వెస్టిండీసుజట్టు ఇంగ్లండుకు వచ్చి మూడు టెస్టులు ఆడెను. తమ బౌలరును పంపుటకు నెల్సనువారు సమ్మతించినది ఒక్క మాంచెస్టరు టెస్టునకే. అది సమానముగ ముగిసెను. ఆయన లేని లార్డ్సు, ఓవలు టెస్టులు రెండింటను వెస్టిండీసువారు ఇన్నింగ్సు తేడాతో ఓడిరి. ఆటగానిని విడుచుటకు యజమాని అనుమతి అను నేటి చిక్కు తొంబదియేండ్లనాటిదే. కాన్‌స్టాంటైను దేశద్రోహియని ఆ ద్వీపములలో ఎవ్వరును అనలేదు. తరువాతికాలమున ట్రినిడాడు ప్రభుత్వమున మంత్రియై, బ్రిటను ప్రభువుల సభలో కూర్చుండిన తొలి నల్లజాతివాడై కీర్తి గాంచెను. ఆయనవెంట జార్జి హెడ్లీ హాస్లింగ్డెను పట్టణమునకు వచ్చెను. యుద్ధానంతరము వొరెలు, వీక్సు, వాల్కటు అను ముగ్గురును ఈ మండలపు లీగులలోనే జీవనము గడించిరి. 1948-49లో వెస్టిండీసుజట్టు స్వతంత్రభారతమునకు తొలిసారి వచ్చినపుడు, ప్రతిఫలము విషయమున బోర్డుతో పొసగక ఫ్రాంకు వొరెలు ఆ జట్టులో రాలేదు. మరుసటి యేడు కామన్‌వెల్తు జట్టుతో జీతమునకు వచ్చి మనవారి యెదుట ఆడెను. ఆయనయే 1960లో వెస్టిండీసునకు నాయకుడై ఆ జట్టును ప్రపంచ ప్రసిద్ధము చేసినవాడు.

ధనమిచ్చి ఆటగాండ్రను రప్పించుట మన దేశమునకును క్రొత్త గాదు. 1930-31లో విజయనగర మహారాజకుమారుడు తన సొంతజట్టులో ఆడుటకు హాబ్సు, సట్‌క్లిఫులంతవారిని ఇంగ్లండునుండి పిలిపించెను. కాన్‌స్టాంటైనే 1934-35లో హైదరాబాదు నవాబు పేర వెలసిన మొయినుద్దౌలా బంగరుకప్పు పోటీలలో ఆడెను. ఆ చలికాలముననే స్వదేశమున ఇంగ్లండుతో జరిగిన సిరీసున మొదటి టెస్టులో ఆయన లేడు, రెండవదానినుండి ఆడెను. ఆ సిరీసు వెస్టిండీసువారికి ఇంగ్లండుపై తొలివిజయము. జమీందారులును నవాబులును వేడుకకై చేసినదానిని నేడు కంపెనీలు లాభమునకై చేయుచున్నవి.

అయినచో పూర్వపు లీగులచే టెస్టు క్రికెట్టు చెడక నేటి లీగులచే ఏల చెడవలెను? ఈ ప్రశ్నకు మాకు దొరకిన ఉత్తరము ఋతువులలో నున్నది. ఇంగ్లండున ఆట వేసవిది, ఏప్రిలు మొదలు సెప్టెంబరు వరకు. కరీబియను ద్వీపములలో ఆటకాలము జనవరి మొదలు ఏప్రిలు, మే వరకు. కావున వెస్టిండీసు ఆటగాడు ఆరునెలలు ఇంగ్లండున జీతమునకు ఆడి, చలికాలమున ఇల్లు చేరి దేశముకొరకు ఆడగలిగెను. జట్టు ఇంగ్లండుపర్యటనకే పోయిన యేట మాత్రము 1933నాటి చిక్కు కలిగెడిది. 1968లో కౌంటీజట్లు విదేశీయులకు తలుపు తెరచినపిదప మేలు మరింత పెరిగినది. లాయిడు లాంకషైరునకును, రిచర్డ్సు, గార్నరు సోమర్సెటునకును, మార్షలు హాంప్‌షైరునకును ఆడిరి. మూడుదినముల ఆటను వేసవి పొడవున, మబ్బులోను ఎండలోను, తడినేలపైనను ఎండినేలపైనను, ఆడియాడి వారు రాటుదేలిరి. కూలియు విద్యయు ఒక్కచోటనే దొరకినవి. 1980 మొదలు 1995 వరకు సాగిన ఆ దిగ్విజయము ద్వీపముల ప్రతిభతో బాటు ఇంగ్లండు కౌంటీల జీతముపైన నిలిచినదన్న అతిశయోక్తి గాదు.

1977లో ఆస్ట్రేలియా టెలివిజను యజమాని కెర్రీ ప్యాకరు, ఆ దేశపు బోర్డు తనకు ప్రసారపు హక్కు నీయనందున, ప్రపంచపు మేటి ఆటగాండ్రను గుట్టుగ కొని వేరుకుంపటి పెట్టెను. బోర్డులు వారిని వెలివేయజూడగా, ఆ వెలి జీవనోపాధికి అక్రమమగు ఆటంకమని లండను న్యాయస్థానమున స్లేడు న్యాయమూర్తి తీర్పు చెప్పెను. 1978లో ప్యాకరుతో చేరినవారిలో ముగ్గురిని టెస్టుజట్టునుండి తొలగించినందుకు లాయిడు నాయకత్వమును విడిచెను. 1979లో బోర్డువారును ప్యాకరును రాజీపడిరి. ఆ కలహమువలన ఆటగాండ్ర వేతనములు పెరిగినవి. టెస్టు క్రికెట్టు చావలేదు.

ఇక మనవారి పాత్ర. ఇరువది ఓవరుల ఆట ఇంగ్లండు కౌంటీలలో 2003లో మొదలైనది. 2007లో దక్షిణాఫ్రికాలో జరిగిన తొలి ప్రపంచపు పోటీని భారతజట్టు గెలుచుటతో దేశము ఆ ఆటకు దాసోహమనెను. ఆ యేడే జీ టెలివిజనువారు ఇండియను క్రికెట్టు లీగు స్థాపింపగా, భారతబోర్డు దానిని అనధికారమని చెప్పి, అందు చేరినవారిని వెలివేసెను. గుంటూరున పుట్టి, 2004లో పందొమ్మిదేండ్లలోపువారి భారతజట్టునకు నాయకుడైన అంబటి తిరుపతి రాయుడు అట్లు వెలిబడి, 2009లో క్షమాపణపథకముచే మరలివచ్చెను. పిదప ఒంటిదినపు ఆటలలో దేశమునకు చక్కగ ఆడినను టెస్టుమ్యాచి ఒక్కటియు ఆతనికి దక్కలేదు. వెలివేసిన బోర్డే మరుసటి ఏప్రిలులో తన సొంతలీగును పెట్టినది! సొమ్ముకై ఆడుట పాపమని గాక, ఆ సొమ్ము అన్యులకు ముట్టుట పాపమని దీని తాత్పర్యముగ తోచుచున్నది.

2008 ఫిబ్రవరిలో ఆటగాండ్ర వేలము జరిగెను. హైదరాబాదు డెక్కను ఛార్జర్సు జట్టు ఆస్ట్రేలియావాడగు ఆండ్రూ సైమండ్సును పదమూడున్నర లక్షల డాలర్లకు పాడుకొనెను. ఆ జట్టు తరపున వి. వి. యస్. లక్ష్మణు తనకు హక్కుగ దక్కు విశేషవేతనపు స్థానమును వదలుకొని, ఆ ధనమును తక్కినవారికై వెచ్చింపుడని చెప్పెను. ఈ వేలమును బానిసలసంతతో పోల్చువారు కలరు. ఆ పోలిక మాకు నచ్చదు. సంతలో బానిసకు వెల ముట్టలేదు, రానని చెప్పు హక్కును లేదు.

నేటి లీగులకును పూర్వపువానికిని గల భేదమిక్కడ మొదలగును. ఇండియను ప్రీమియరు లీగు మార్చి, ఏప్రిలు, మే నెలలను ఆక్రమించును. ఇవి వెస్టిండీసు ద్వీపములలో టెస్టులు జరుగు నెలలు. దక్షిణాఫ్రికాలోను ఎమిరేట్సులోను 2023 జనవరిలో లీగులు వెలసెను. ఆస్ట్రేలియా లీగు డిసెంబరు, జనవరులది. ద్వీపములలోని లీగు ఆగస్టు, సెప్టెంబరులది. ఇట్లు పంచాంగమున ఖాళీ తిథి మిగులలేదు. ఆటగాడు పగలొకచోట పనిచేసి సాయంకాలము ఇల్లు చేరుట ఇప్పుడు పొసగదు. రెంటిలో ఒకటి ఎన్నుకొనవలెను. విద్యయు మారినది. నాలుగు ఓవరులు వేసి విశ్రమించు బౌలరునకు దినమున ఇరువది ఓవరులు వేయు దేహదార్ఢ్యము ఎచ్చటనుండి వచ్చును? 2001లో కలకత్తాయందు ఫాలోఆను ఆడుచు లక్ష్మణు 281 పరుగులు చేసి, ద్రావిడుతో గూడి దినమంతయు వికెట్టు పడకుండ నిలిచి ఓటమిని గెలుపుగ మార్చిన నేర్పు మూడు గంటల ఆటలో అక్కరకురాదు. ఆడక మరచిన విద్యను అవసరమైనదినమున తెచ్చుకొనుట సాధ్యము గాదు. కింగ్‌స్టను ఇన్నింగ్సు పదునైదు ఓవరులైనను నిండలేదు.

ఈ చిక్కు వెస్టిండీసువారిది మాత్రమే గాదు. 2024 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా న్యూజీలండునకు టెస్టులాడ పంపిన జట్టున ఏడుగురు అంతకుముందు టెస్టు ఆడనివారు. నాయకుడైన నీలు బ్రాండునకే అది మొదటిటెస్టు. మేటివారందరు స్వదేశపు లీగున ఒడంబడికకు కట్టుబడియుండిరి. ఆ లీగులోని ఆరుజట్లకును యజమానులు ఇండియను లీగు యజమానులే. అందొకటి మన హైదరాబాదు సన్‌రైజర్సువారిది. 2025లో ఆ వ్యాపారులే ఇంగ్లండున లీడ్సు జట్టును గూడ కొనిరి. న్యూజీలండువారు రెండు టెస్టులును గెలిచి దక్షిణాఫ్రికాపై తొలిసారి సిరీసు నెగ్గిరి. కాని మరుసటి యేడు జూనులో ఆ దక్షిణాఫ్రికాయే బవుమా నాయకత్వమున లార్డ్సులో ఆస్ట్రేలియాను ఓడించి ప్రపంచ టెస్టు విజేతయైనది. లీగున్నచోట టెస్టు చచ్చునను సూత్రము దీనితో భంగమైనది. లీగువలన వచ్చు ఆదాయమే తమ బోర్డును నిలుపుచున్నదని అచ్చటివారి వాదము. దానిని త్రోసివేయుటకు వీలులేదు.

అసలు ముడి ధనము పంచుకొను పద్ధతిలో నున్నది. ఇండియను లీగు ప్రసారహక్కులు 2023 మొదలు 2027 వరకు ఐదేండ్లకు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయెను. అది మనవారు కష్టించి పెంచిన సొత్తు, దానిపై పరులకు హక్కు లేదందురు, అట్లే యగుగాక. అంతర్జాతీయ క్రికెట్టు మండలి ఆదాయమో? అది అందరు ఆడగా వచ్చినది. 2023 జూలైలో డర్బానున ఒప్పుకొన్న విభజన చొప్పున అందు భారతబోర్డునకు నూటికి ముప్పదియెనిమిదిన్నర వంతు. వెస్టిండీసునకు ఐదు వంతులకును లోపు. ఇక రెండుదేశముల నడుమ జరుగు సిరీసుల ప్రసారధనమంతయు ఆతిథ్యమిచ్చిన బోర్డుదే. అతిథికి పాలు లేదు. తన ఆటగాండ్రను సముద్రములు దాటించి తెచ్చుట మాత్రము అతిథి వంతు. పెండ్లివారు విందునకు పిలిచి, వచ్చినవారిచేతనే వంట చేయించి, చదివింపులన్నియు తమ పెట్టెలో వేసికొన్నట్లున్నది ఈ ఏర్పాటు. భారతదేశమో ఇంగ్లండో తమ తీరమునకు వచ్చిన యేడు వెస్టిండీసుబోర్డు లెక్కలు ఒడ్డుచేరును. తక్కిన యేడులు అప్పు. ఆ ద్వీపములన్నిటి జనము గయానాతో గూడ అరువది లక్షలకు అటునిటు. హైదరాబాదు నగరమొక్కటే అంతకంటె హెచ్చు. ఇట్టి బోర్డు పూరనువంటివానికి ఏమిచ్చి నిలుపుకొనగలదు?

ఒకసారి వారు అడ్డదారి త్రొక్కకపోలేదు. స్టాన్‌ఫర్డు అను అమెరికా ధనికుడు 2008 నవంబరు 1న అంటిగ్వాద్వీపమున ఇరువది లక్షల కాదు, రెండు కోట్ల డాలర్ల పందెముగ ఒక్క ఇరువది ఓవరుల మ్యాచి జరిపించెను. ఇంగ్లండుపై గెలిచిన ద్వీపవాసులకు తలకొక పదిలక్షల డాలర్లు! మూడు నెలలలో ఆతని వ్యాపారమంతయు మోసమని తేలెను. 2012లో నూటపదియేండ్ల శిక్షపడెను. ఆపదలోనున్నవాడు చేయి చాచునపుడు ఎదుటివాని చేతిలో ఏమున్నదో చూడడు.

మందు లేని రోగమా యిది? 2024 మార్చిలో భారతబోర్డు తన ఆటగాండ్రకు ఒక పథకము ప్రకటించెను. ఏటి టెస్టులలో ముప్పాతికకు మించి ఆడినవారికి మ్యాచికి పదునైదులక్షల రుసుమునకు తోడు నలుబదియైదు లక్షలు. కూలి పెంచిన ఆటగాడు టెస్టువైపు తిరుగునని ఈ బోర్డునకు తెలిసినట్లే గదా. ఇంటిలో తెలిసిన ఈ సత్యమును పొరుగింటికి వర్తింపజేయుటకు మాత్రము ఎవ్వరును ముందునకు రాలేదు. అన్నిదేశముల టెస్టు ఆటగాండ్రకును మండలి సొమ్మునుండి ఒక కనీసపు రుసుము, ప్రసారధనమున అతిథిజట్టునకు ఒక పాలు: ఈ రెంటిని కోరుట దానమడుగుట గాదని మా యభిప్రాయము. ఎదుటిజట్టు లేక టెస్టుమ్యాచి లేదు. మూడు దేశములు తమలో తాము ఎన్నాళ్లు ఆడుకొందురు?

గయానాదేశమున బరకారా అను పల్లె కలదు. అచ్చటికి నదిమీద పడవలోనే పోవలెను. షమారు జోసెఫు ఆ పల్లెవాడు. కావలివాని పని చేసి, దానిని మాని, క్రికెట్టునకు వచ్చెను. 2024 జనవరిలో బ్రిస్బేను నగరమున, బంతి తగిలి వాచిన కాలివ్రేలితో, 68 పరుగులకు ఏడు వికెట్లు తీసి ఆస్ట్రేలియాను ఎనిమిది పరుగులతో ఓడించెను. ఆ దేశమున వెస్టిండీసుజట్టు టెస్టు గెలిచి అప్పటికి ఇరువదియేడేండ్లు. ఎంత ధనము వచ్చినను టెస్టు ఆట విడువనని ఆతడు నాడు బాహాటముగ చెప్పెను. కొలది వారములలోనే లక్నో జట్టువారు మూడుకోట్ల రూపాయలకు ఆతనిని తీసికొనిరి. అయినను మాట తప్పలేదు. 27 పరుగులకు తనజట్టు కూలిన ఆ 2025 సిరీసుననే, మూడు టెస్టులలో ఇరువదిరెండు వికెట్లు ఆతనివి. ఆ అక్టోబరులో వెస్టిండీసుజట్టు మన దేశమునకు వచ్చి అహమ్మదాబాదున, ఢిల్లీలో రెండు టెస్టులు ఆడి రెంటను ఓడెను. గాయముచే జోసెఫు రాలేకపోయెను. ఆ రెండు మ్యాచిల ప్రసారధనము, నడచుచున్న ఏర్పాటు చొప్పున, భారతబోర్డునకు చెందినది.